పిల్లలే ప్లాన్ చేసిన సెలవులు: బరంపురం నుంచి సింగపూర్, జోహోర్

టీనేజీ పిల్లలతో విదేశీ ప్రయాణం అంటే టికెట్లు, వీసాల కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఆ సెలవులు ఎవరివి? మా అబ్బాయికి పదహారు, అమ్మాయికి పదమూడు. విశాఖలో ఉండే మా ఆడపడుచు కొడుక్కి పదిహేను. ఈ వయసు పిల్లల్ని "పదండి, బట్టలు సర్దుకోండి" అని లాక్కెళితే వాళ్ళు వస్తారు గానీ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మన వెనకాల పది అడుగుల దూరంలో నడుస్తారు. అలా కాకుండా వాళ్ళు మనతో ఉండే ప్రయాణం చెయ్యాలని నాకు చాలాకాలంగా కోరిక. 2024 వేసవిలో అది కుదిరింది. ఎలా కుదిరిందో వివరంగా రాస్తున్నాను. మన వైపు నుంచి వెళ్ళాలనుకునే కుటుంబాలకి పనికొస్తుందని నా ఆశ.

మాది ఒడిశా బరంపురంలో పట్టుచీరల కొట్టు. పెళ్ళిళ్ళ సీజన్లో మావారు కొట్టు వదిలి కదలడం జరగని పని. పిల్లల సెలవులేమో సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. ఆ ఏడాది శుక్రమూఢం, గురుమూఢం కలిసొచ్చి మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేకుండా పోయాయి. బజారంతా డీలా పడింది. మావారు దిగులుగా కూర్చుంటే మా అత్తయ్యగారే అన్నారు: "మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యకూడదు గానీ తిరగడానికి ఏమొచ్చిందిరా? గుంటల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళు." మే 13న మా ఊళ్ళో పోలింగు. అదే రోజు మా వాడి పదో తరగతి సీబీఎస్ఈ ఫలితాలు కూడా వచ్చాయి. ఆ రెండూ అయ్యాక, నెలాఖరున బయల్దేరేలా తేదీలు పెట్టుకున్నాం. మేం నలుగురం, అత్తయ్యగారు, ఆడపడుచు వాళ్ళు ముగ్గురు. మొత్తం ఎనిమిది మంది.

ఎక్కడికి అన్నది పిల్లలకే వదిలేశాం. డబ్బు ఇంత, రోజులు ఇన్ని, మామ్మ మోకాళ్ళు ఎక్కువ నడవలేవు, ఒక పూటైనా ఇంటి అన్నం ఉండాలి. ఈ నాలుగూ మేం పెట్టిన షరతులు. మిగతాది మీరే తేల్చండి అన్నాం. ముగ్గురూ ఫోన్లలో ఒక గూగుల్ షీటు తెరిచి వారం రోజులు తెగ కొట్టుకున్నారు. దుబాయ్ అన్నారు, ఆ నెలలో ఎండ చూసి మానుకున్నారు. చివరికి సింగపూర్లో యూనివర్సల్ స్టూడియోస్ అనే థీమ్ పార్కు, తర్వాత పక్కనే ఉన్న మలేషియా జోహోర్‌లో ఒక విల్లా అద్దెకి తీసుకుని ఉండడం అని తేల్చారు. విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా ఉండడం పెద్ద కారణం.

ఇల్లు సింగపూర్లోనే తీసుకోవచ్చు కదా అని మావారు అడిగారు. అక్కడ మామూలు ఇళ్ళని మూడు నెలలకి తక్కువ కాలానికి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ఎవరైనా నెట్‌లో చూపించి రెండు రాత్రులకి ఇస్తామన్నా నమ్మకూడదు. సింగపూర్‌లో ఉన్నన్నాళ్ళూ హోటలే. ఇల్లు కావాలంటే వంతెన దాటి జోహోర్ వెళ్ళాలి. ఈ సంగతి మా అమ్మాయి కనుక్కుని చెప్పింది. ఆ వయసు పిల్ల నిబంధనలు చదివి మాకు వివరిస్తుంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అసలు టెన్షన్ అంతా కాగితాల దగ్గరే. పిల్లలెవరికీ పాస్‌పోర్టులు లేవు. మైనర్ల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్జర్-డి అనే ప్రకటన పత్రం కావాలి. పదిహేను దాటి పద్దెనిమిది నిండని పిల్లలకి రెండు దారులున్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా మాత్రమే చెల్లేది తీసుకోవచ్చు, లేదా పదేళ్ళది తీసుకోవచ్చు. మా వాడికి పదేళ్ళదే పెట్టాం. రెండేళ్ళకే మళ్ళీ తిరగడం ఎందుకని.

ఒడిశాలో ఉండే తెలుగువాళ్ళు ముందే చూసుకోవలసింది పేర్లు. మా వాడి పేరులో వెంకట ఉంది. ఆధార్‌లో సరిగ్గానే ఉంది. పుట్టిన సర్టిఫికెట్‌లో మాత్రం ఒడియాలో పలికినట్టు 'బెంకట' అని ఎక్కి, ఇంగ్లీషు అక్షరం కూడా బి అయి కూర్చుంది. మా వీధిలో ఇలాంటి పేర్లు ఇంటికొకటి ఉంటాయి. బడిలో, రేషన్ కార్డులో ఎవరూ పట్టించుకోరు. పాస్‌పోర్టు దగ్గర మాత్రం అక్షరం అక్షరం సరిచూస్తారు. సర్టిఫికెట్ సరిదిద్దించడానికి అఫిడవిట్, బడి నుంచి లెటరు, మళ్ళీ దరఖాస్తు, ఆపైన ఎదురుచూపు. మావారు కొట్టు తెరిచే ముందు అటు వెళ్ళి కూర్చునేవారు. ఇంటిపేరు సంగతి కూడా అంతే. మనం ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించి రాసుకుంటాం. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, పూర్తిగా రాయాలి. తండ్రి పాస్‌పోర్టులో ఎలా ఉందో పిల్లలదీ అలాగే ఉండేలా చూసుకుంటే తర్వాత ప్రశ్నలుండవు.

సింగపూర్ వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది గానీ మనం నేరుగా పెట్టుకోలేం, వాళ్ళు గుర్తించిన ఏజెంటు ద్వారా పెట్టాలి. ఫీజు మనిషికి 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు డబ్బులు అదనం. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫోటోలు విశాఖలో తీయించాం. వీసా చేతికి రాగానే చూడవలసింది అది మల్టిపుల్ ఎంట్రీయా కాదా అని. జోహోర్ వెళ్ళి మళ్ళీ సింగపూర్ వచ్చి విమానం ఎక్కాలంటే రెండోసారి లోపలికి రానివ్వాలి కదా. ఒక్కసారికే చెల్లే వీసా అయితే మొత్తం ప్లాన్ అక్కడితో ఆగిపోతుంది. మలేషియాకి మాత్రం 2023 డిసెంబర్ 1 నుంచి మన పాస్‌పోర్టుకి వీసా లేకుండా ముప్ఫై రోజులు ఉండనిస్తున్నారు. రెండు దేశాలకీ డిజిటల్ అరైవల్ కార్డులు నింపాలి. రెండూ చేరే రోజుకి మూడు రోజుల లోపలే నింపాలి, రెండూ ఉచితం. డబ్బులు అడిగే సైట్లు కనిపిస్తే అవి అసలువి కావు. సింగపూర్లోకి రెండోసారి వచ్చేటప్పుడు మళ్ళీ కొత్త కార్డు నింపాలి. ఎనిమిది మందివీ మా అబ్బాయే నింపాడు.

సామాన్లలో అత్తయ్యగారి వంతు ఎక్కువ. మన ఊరి అప్పడాలు, ఆవకాయ, చింతకాయ పచ్చడి, కందిపొడి అన్నీ కట్టారు. పచ్చళ్ళని చెకిన్ సామానులోనే, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టాలి. ఆవిడ మసాలా పొడి డబ్బా మాత్రం తీయించాం. అందులో గసగసాలున్నాయి. ఒడిశాలో పోస్తు లేనిదే కూర లేదు, మన వంటింట్లో అది సాదా సరుకు. సింగపూర్లో గసగసాలు నిషేధిత సరుకు, మత్తుపదార్థాల చట్టం కిందకి వస్తాయి. చూయింగ్ గమ్, ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్లు కూడా పట్టుకెళ్ళకూడదు. మా ఆడపడుచు భర్త, అంటే అన్నయ్యగారు, వక్కపొడి పొట్లాలు కూడా ఇంట్లోనే వదిలేశారు. అక్కడి ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, మలేషియాలోనూ అవే. నాలుగు అడాప్టర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్ళాం. ముగ్గురు టీనేజీ పిల్లలున్న ఇంట్లో ఛార్జింగ్ దగ్గర వచ్చే తగాదాలు ఆ బోర్డు వల్ల చాలా తగ్గాయి.

భువనేశ్వర్–విశాఖ వందే భారత్ ఆ మార్చిలోనే మొదలైంది. పొద్దున్న బరంపురంలో ఎక్కి పదకొండుకల్లా విశాఖలో దిగాం. ఆడపడుచు ఇంట్లో భోజనం చేసి, నడుం వాల్చి, రాత్రి విమానం ఎక్కాం. నాలుగు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. దిగేసరికి తెల్లవారిపోయింది.

హోటల్ లిటిల్ ఇండియాలో. సెరంగూన్ రోడ్డు మీద వీరమాకాళియమ్మన్ గుడి, శ్రీనివాస పెరుమాళ్ గుడి, ఆంధ్రా భోజనం పెట్టే హోటళ్ళు, పూలమాలల దుకాణాలు. అత్తయ్యగారికి కొత్తగానే అనిపించలేదు. గదులే ఇరుకు. మంచానికీ గోడకీ మధ్య సూట్‌కేసు తెరవడానికి చోటు లేదు. పిల్లలు ఒకరి కాళ్ళు ఒకరికి తగిలి చిరాకుపడ్డారు. బాత్‌రూమ్ తలుపు దగ్గర రోజూ గొడవే. మా అమ్మాయి ఒకసారి ఏడ్చేసింది కూడా. పదమూడేళ్ళ పిల్లకి బట్టలు మార్చుకోవడానికి తనదంటూ ఒక తలుపు లేకపోవడం చిన్న విషయం కాదు. విల్లా ఎందుకు మంచిదో నాకు ఆ గదిలోనే అర్థమైంది.

ఇక యూనివర్సల్ స్టూడియోస్. సెంతోసా దీవిలో ఉంది. టికెట్ ముందే కొనాలి. పదమూడు నిండితే పెద్దల టికెట్టే, కాబట్టి మా ముగ్గురు పిల్లలకీ పెద్ద రేటే పడింది. ఒక్కొక్కటి 80 సింగపూర్ డాలర్లు దాటింది. అప్పుడు డాలరు 62 రూపాయల దగ్గర ఉంది, అంటే మనిషికి ఐదు వేల పైమాట. అరవై దాటినవాళ్ళకి బాగా తగ్గింపు ఉంది గానీ అత్తయ్యగారు రానన్నారు. కొడుకుని తీసుకుని అదే దీవిలో సముద్రం వైపు వెళ్ళారు. బీచ్ వెంబడి ఉచిత బస్సు తిరుగుతుంది. పలావాన్ బీచ్‌లో తాళ్ళ వంతెన దాటితే ఆసియా ఖండానికి దక్షిణపు కొస అని బోర్డు ఉంటుంది. గోపాల్‌పూర్ తీరం చూస్తూ పెరిగిన మనిషి ఆవిడ. "ఇక్కడ కెరటమే లేదురా, చెరువులా ఉంది" అన్నారట.

పిల్లలతో నేనూ, ఆడపడుచూ, అన్నయ్యగారూ వెళ్ళాం. గేటు దగ్గరే ఒప్పందం చేసుకున్నాం. ముగ్గురూ కలిసే ఉండాలి, రెండు గంటలకొకసారి ఫలానా చోట కలవాలి, ఫోన్ ఛార్జ్ ఇరవై శాతం కంటే తగ్గితే మా దగ్గరికి రావాలి. అంతే, వదిలేశాం. వాళ్ళ మొహాలు అప్పుడు చూడాలి. నేను బెంచీ మీద కూర్చున్నాను గానీ మొదటి రెండు గంటలూ కళ్ళు గడియారం మీదే. ఐదు నిమిషాల ముందే వచ్చి నిలబడ్డారు.

అక్కడ అందరూ పరిగెత్తేది పార్కులో సై-ఫై సిటీ అనే భాగంలోని బాటిల్‌స్టార్ గలాక్టికా రోలర్ కోస్టర్ల దగ్గరికి. అవి జంట కోస్టర్లు. ఎర్ర పట్టాల మీద ఒకటి, మామూలుగా కూర్చుని వెళ్ళేది. నీలం పట్టాల మీద ఇంకొకటి, కాళ్ళు గాల్లో వేలాడుతూ తలకిందులయ్యేది. రెండూ ఒకేసారి బయల్దేరి ఎదురెదురుగా వచ్చి పక్కనుంచి దూసుకుపోతాయి. ఎత్తు 42 మీటర్ల పైచిలుకు, ఎర్రదాని వేగం గంటకి 90 కిలోమీటర్ల దాకా. వరసకి ఇద్దరే కూర్చుంటారు. ముగ్గురు పిల్లలు కదా, మూడోవాళ్ళ పక్కన ఎవరు? మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అమ్మా, నాతో రా" అంది. నీలం దానికి మనసొప్పలేదు గానీ ఎర్రదానికి వెళ్ళాను. జేబులో ఉన్నవన్నీ, కళ్ళజోడుతో సహా, లాకర్లో పెట్టాలి. కొంతసేపు లాకర్ ఉచితం. ఎక్కిన క్షణం నుంచి దిగేదాకా మా అమ్మాయి నా వేళ్ళు వదల్లేదు. ఈ మధ్య నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం కూడా మానేసిన పిల్ల. ఆ ఒక్క రైడుకి ఐదు వేలు ఇచ్చినా నాకు బాధ లేదు.

మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాయి. సింగపూర్లో మధ్యాహ్నం వానలు మామూలే. పిడుగుల హెచ్చరిక రాగానే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు. అందుకే బయట ఉండే కోస్టర్లు గేటు తెరవగానే పొద్దున్నే అయిపోవాలి. మధ్యాహ్నానికి లోపలివి ఉంచుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్స్, చీకట్లో వెనక్కి కూడా నడిపే మమ్మీ రైడు లోపలే ఉంటాయి. ఈ వరస మా ఆడపడుచు కొడుకు ముందే కాగితం మీద వేసుకొచ్చాడు. క్యూలు పొడుగ్గా ఉన్నాయి. మేం వెళ్ళిన రోజుల్లో అక్కడి బడులకీ జూన్ సెలవులు మొదలయ్యాయి. క్యూలో ఎక్కువసేపు నిలబడకుండా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ పాస్ అదనపు డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు గానీ మేం కొనలేదు. విడివిడిగా కూర్చోవడానికి ఒప్పుకుంటే సింగిల్ రైడర్ వరస తొందరగా కదులుతుంది. అబ్బాయిలిద్దరూ అదే పట్టుకుని నీలం కోస్టర్ మళ్ళీ మళ్ళీ ఎక్కారు. తిండి లోపల ఖరీదు. మేం పట్టుకెళ్ళిన పులిహోర గేటు బయటే తినేసి, ఖాళీ నీళ్ళ సీసాలు పట్టుకెళ్ళి లోపల నింపుకున్నాం.

మర్నాడు జోహోర్ ప్రయాణం. జనం ఎక్కువగా చెప్పేది వుడ్‌ల్యాండ్స్ కాజ్‌వే గురించి. 1924 నుంచి ఉన్న దారి, ఎప్పుడూ రద్దీ. బస్సులో వెళితే సింగపూర్ వైపు సామానుతో సహా దిగి, పాస్‌పోర్టు చూపించి, మళ్ళీ బస్సెక్కి, మలేషియా వైపు మళ్ళీ దిగాలి. పెద్దావిడతో, ఎనిమిది మంది సామానుతో అది కుదరదు. రెండు దేశాల పర్మిట్ ఉన్న వ్యాను మాట్లాడుకున్నాం. డ్రైవరు తువాస్ వైపు రెండో వంతెన మీదుగా తీసుకెళ్ళాడు. 1998లో తెరిచారు దాన్ని. మేం వెళ్ళే ఇస్కందర్ పుతేరికి అదే దగ్గర. కిందకి దిగనక్కర్లేదు. డ్రైవరు పాస్‌పోర్టులన్నీ తీసుకుని కిటికీలోంచి ఇచ్చాడు. పక్క తలుపు జరిపితే అధికారి ఒక్కొక్కరి పేరూ పిలిచి మొహం చూశాడు. అత్తయ్యగారి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చదవలేక ఆగిపోతే, ఆవిడే "నేనేనయ్యా" అని చెయ్యెత్తారు.

విల్లా కాపలా గేటున్న కాలనీలో ఉంది. గేటు దగ్గర కాపలావాళ్ళు పేర్లు, వ్యాను నంబరు రాసుకున్నారు. నాలుగు పడక గదులు, వెనకాల చిన్న ఈత కొలను. అద్దె రాత్రికి 900 రింగిట్లు, అప్పటి లెక్కన పదహారు వేల రూపాయలు. సింగపూర్లో ఎనిమిది మందికి తీసుకున్న ఇరుకు గదుల కంటే ఇదే చవక. లోపలికి వెళ్ళగానే మా అమ్మాయి ఫోన్‌తో ఇల్లంతా వీడియో తీసింది. గోడలు, సోఫా, ఫ్రిజ్, కొలను అంచు, ఏదీ వదల్లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆ ఇంట్లో రెండు వంటిళ్ళు. లోపలిది పొడిది, అక్కడ కెటిల్, టోస్టర్ మాత్రమే. వెనక వరండా వైపు తడి వంటిల్లు. గ్యాస్ పొయ్యి, పెద్ద సింకు, కడిగే నేల, గోడకి గాలి ఆడే సందులు. పోపు వేసినా, చేపలు వేయించినా వాసన ఇంట్లోకి రాదు. మలేషియా ఇళ్ళలో ఇది మామూలేనట. అత్తయ్యగారు ఆ వంటింటిని చూసి ఎంత ముచ్చటపడ్డారో! "అమ్మాయ్, మన పెరట్లో వంటశాల ఇలాగే ఉండేది, మీ మావయ్యగారు పడగొట్టించారు" అన్నారు. మొదటి రాత్రి పప్పు, అప్పడాలు, ఆవకాయ. మూడు రోజులు బర్గర్లు తిన్న పిల్లలు పళ్ళేల ముందు మాట్లాడకుండా తిన్నారు.

పిల్లలు ఎవరి గదుల్లో వాళ్ళు పొద్దెక్కేదాకా పడుకున్నారు. పొద్దున్నే ఎక్కడికో తీసుకెళ్ళాలని మావారికి ఆత్రం. ఇన్ని డబ్బులు పెట్టి నిద్రపోవడానికా అని. నేను ఒప్పుకోలేదు. ఆ వయసులో నిద్ర ఎక్కువ కావాలి. నిద్ర చాలని టీనేజీ పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళడం కంటే ఇంట్లో పడుకోనివ్వడమే మేలు. పది గంటలకి లేచి కొలనులో దూకి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేవారు. సాయంత్రం తలుపులు తెరుచుకుని వాళ్ళంతట వాళ్ళే హాల్లోకి వచ్చేవారు. ఎవరూ పిలవలేదు. అత్తయ్యగారు నేల మీద కూర్చుంటే చుట్టూ చేరి అష్టాచెమ్మా ఆడారు. గవ్వల బదులు చింతపిక్కలు, పచ్చడి కోసం తెచ్చిన చింతపండులోంచి ఏరినవి. మా పిల్లలు బయట ఒడియా, బడిలో ఇంగ్లీషు, ఫోన్లో హిందీ మాట్లాడతారు. మామ్మతో ఆడాలంటే తెలుగే. ఆటలో తొండి చేస్తే తిట్టడానికి ఎన్ని మాటలు నేర్చుకున్నారో!

ఒక సాయంత్రం దగ్గర్లో రాత్రి సంతకి వెళ్ళాం. అక్కడ పసర్ మలమ్ అంటారు. కూరల కొట్టు దగ్గర మేం ముల్లంగి బేరం చేసుకుంటుంటే పక్కన ఉన్న ఒక పెద్దావిడ ఆగి చూసి, "మీరు తెలుగోళ్ళా?" అంది. వాళ్ళ తాతలు సిక్కోలు వైపు నుంచి వచ్చారట, పెరాక్‌లో కొబ్బరి తోటల్లో పనికి. బాగాన్ దాతుక్ దగ్గర ఇప్పటికీ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయని చెప్పింది. 1950ల నుంచీ వాళ్ళకి తెలుగు సంఘం ఉంది. ఆవిడ మాట మా అత్తయ్యగారి మాటకి ఎంత దగ్గరో, మా పిల్లలే నోరు తెరుచుకుని విన్నారు. ఇద్దరూ కూరల బుట్టలు కింద పెట్టేసి చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ రాత్రి అత్తయ్యగారు రంగం కబుర్లు ఎత్తారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా మన గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు వెళ్ళేవి. గంజాం, సిక్కోలు వాళ్ళు వేలమంది కూలికి వెళ్ళారు. ఆవిడ పెదతాత కూడా వెళ్ళాడు. రంగూన్ మీద బాంబులు పడ్డాక అడవుల్లో నడుచుకుంటూ వెనక్కి వచ్చాడట. దారిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు, మావారూ వినలేదు. బరంపురంలో మాకు కొట్టు, బడి, ట్యూషన్, సీరియల్. ఆవిడ చెప్పడానికి ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. మా అబ్బాయి ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఏ ఊరు, ఎన్నాళ్ళు నడిచాడు, ఏం తిన్నాడు అని. తెలిసినవి చెప్పారు, తెలియనివి తెలియవన్నారు. వాడు అవన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

జోహోర్‌లోనే ఉన్న లెగోల్యాండ్ పార్కుకి కూడా వెళ్ళాం గానీ దాని గురించి ఎక్కువ చెప్పను. 2012లో తెరిచారు, ఆసియాలో మొదటిది. నిజానికి పన్నెండేళ్ళ లోపు పిల్లల కోసం చేసిన పార్కు. మా అబ్బాయిలకి డ్రాగన్ కోస్టర్ తప్ప ఏదీ ఆనలేదు. వాటర్ పార్కు మాత్రం ముగ్గురికీ నచ్చింది, అలల కొలనులోంచి బయటికి రాలేదు. దానికి సరైన ఈత దుస్తులు ఉండాలి. అత్తయ్యగారికి మినీల్యాండ్ బాగా నచ్చింది. అక్కడ లెగో బొమ్మ ఇటుకలతో కట్టిన చిన్న తాజ్‌మహల్ దగ్గర అందరం ఫోటో దిగాం. టీనేజీ పిల్లలు మాత్రమే ఉన్నవాళ్ళు వాటర్ పార్కు టికెట్ ఒక్కటీ కొనుక్కుంటే చాలని నా అభిప్రాయం. జోహోర్ బహ్రూ ఊళ్ళో రాజకాళియమ్మన్ అద్దాల గుడికి మాత్రం తప్పక వెళ్ళండి. గోడలు, స్తంభాలు, కప్పు అంతా చిన్న చిన్న రంగుటద్దాలు అతికినవే. మా అమ్మాయి మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ నిలబడింది.

తిరుగు ప్రయాణం ఆదివారం పడింది. అప్పట్లో జోహోర్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు (2025 నుంచి శని, ఆదివారాలకి మార్చారు). సింగపూర్ వాళ్ళకి శని, ఆదివారాలు. దాంతో ఏదో ఒకవైపు నుంచి రద్దీ ఉండనే ఉంటుంది. ఆ పైన రెండు దేశాల్లోనూ బడి సెలవులు. సాయంత్రం విమానానికి మధ్యాహ్నమే బయల్దేరాం. వంతెన మీద వ్యాను గంటల తరబడి నిలబడింది. అందరం ఉగ్గబట్టుకుని కూర్చున్నాం. చెక్ఇన్ మూసే ముందు అందుకున్నాం. సరిహద్దు దాటి విమానం ఎక్కవలసినవాళ్ళు కనీసం అర రోజు చేతిలో ఉంచుకోవాలి. వీలైతే ఆఖరి రాత్రి సింగపూర్లోనే ఉండడం ఇంకా మంచిది.

ఇల్లు చేరాక విల్లా వాళ్ళ నుంచి మెసేజ్ వచ్చింది. కొలను అంచున రెండు పలకలు పగిలాయి, డిపాజిట్ 500 రింగిట్లలోంచి పట్టుకుంటాం అని. మావారు పోనీలే అన్నారు. మా అమ్మాయి ఊరుకోలేదు. మొదటి రోజు తీసిన వీడియోలో అదే చోట, అవే పలకలు, అవే పగుళ్ళు. తేదీ, సమయంతో సహా పంపించింది. మర్యాదగానే రాసింది, ఒక్క కఠినమైన మాట లేదు. మూడు రోజులకి డిపాజిట్ పూర్తిగా వెనక్కి వచ్చింది.

లెక్కలన్నీ పిల్లల షీటులోనే ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువైంది విమానం టికెట్లకి.  మళ్ళీ వెళితే పార్కు ఒక్కటే పెట్టుకుంటాం, ఇంట్లో ఇంకో రెండు రాత్రులు పెంచుతాం. ఈ మాటకి పిల్లలు ముగ్గురూ ఒప్పుకున్నారు. అత్తయ్యగారు మాత్రం ఈసారి బాగాన్ దాతుక్ కూడా చూడాలంటున్నారు. మా వాడు అప్పుడే షీటులో కొత్త పేజీ తెరిచి, జోహోర్ నుంచి పెరాక్‌కి రైలు ఉందా, బస్సు ఉందా అని వెతుకుతున్నాడు.